చెప్పులు సర్దే చోట

సమాధానం రొయ్యల చెరువులకు మేత చల్లుతాడు. ముఖానికి రంగు వేసుకున్నా అతని చేతుల్లోంచి ఆ మేత వాసన పోదు. అల్లూరు కళాసమితి నాటకంలో ఎప్పుడూ పాలేరు వేషం అతనిది, దొర వేషం జయరామయ్యది. ‘నీ సాక్ష్యం నాకక్కర్లేదు’ అనాల్సిన చోట జయరామయ్య ప్రతిసారీ మాట మరిచిపోయేవాడు. దొర చెప్పులు సర్దే నెపంతో వంగి, పెదవి కదపకుండా సమాధానమే ఆ మాట అందించేవాడు.

ఈసారి వార్షికోత్సవానికి జయరామయ్య దండ వేసిన ఫొటోలో ఉన్నాడు. అందరూ లేచి మౌనం పాటించారు. సమాధానానికి ఏడుపు రాలేదు; చెరువు నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్లు వేశారో లేదోనన్న ఆలోచన మాత్రం వచ్చింది. శాలువా కప్పితే కప్పించుకున్నాడు. తర్వాత నాటకం మొదలైంది. కొత్త దొర సుకుమార్ ఆ చోటికొచ్చి, సన్నివేశం రక్తి కట్టాలని కాస్త ఆగాడు. సమాధానం వంగి చెప్పులు సర్దుతూ, ‘నీ సాక్ష్యం’ అని అందించాడు.

తెర పడ్డాక సుకుమార్ వచ్చి నిలబడ్డాడు.

“నాకన్నీ వచ్చు గదన్నా. ఎందుకందించినావు?”

సమాధానం కొబ్బరినూనెతో ముఖాన రంగు తుడుచుకుంటున్నాడు.

“నీక్కాదులే అబ్బయ్యా” అన్నాడు.