కాలరమ్మ సాక్ష్యం

మా పెద్దమ్మకు కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటుంది గానీ ఆ పేరుతో పిలిచేవాళ్ళు లేరు. కాలరమ్మ అంటేనే అందరికీ తెలుస్తుంది. చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టడం ఆమె పని. రెండు కొసలూ ఒక్కలా రావాలి, ఏ కాస్త తేడా వచ్చినా చొక్కా వెనక్కి వస్తుంది. ఆమె కుట్టింది వెనక్కి వచ్చిందని నేనెప్పుడూ వినలేదు. ఆ గర్వం ఆమెకు లేదు గానీ నాకుంది, దాచుకోను కూడా.

ఆ చొక్కాలన్నీ ఓడెక్కి ఒక పెద్ద దేశానికి పోతాయి. మన సరుకు మీద ఆ దేశం సుంకం వేయదు. ఆ రాయితీ ఉంది కాబట్టే ఫ్యాక్టరీ నడుస్తోంది. అదే దేశపు చమురు కంపెనీ ఒకటి మా పేట వెనక ఏళ్ళ తరబడి బావులు తవ్వి, మడ్డినంతా గుంటల్లో వదిలేసి చక్కా పోయింది. వానలకు గుంటలు పొంగి మడ్డి వాగులో కలిసింది. ఆ నీళ్ళు తాగినవాళ్ళకు జబ్బులు, దిగినవాళ్ళకు పుండ్లు. మా పెదనాన్న కాళ్ళు ఈ రోజుకీ మానలేదు. పేటలో కొన్ని కుటుంబాలు కలిసి కేసు వేశాయి, అందులో పెద్దమ్మ కూడా ఉంది.

తీర్పు తమకు ఎదురు తిరుగుతుందని కంపెనీకి వాసన తగిలింది. వాగు శుభ్రం చేసిందా అంటే లేదు. తమ రాజధానిలో మంత్రుల గడపలు అరిగేలా తిరిగి, ఈ కేసు మూతపడేదాకా ఈ దేశపు సరుకు మీద రాయితీ తీసేయమని అడిగింది. మా వాగుకూ వాళ్ళు తొడుక్కునే చొక్కాకూ ఏమిటి సంబంధం? అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే.

రాయితీ ఉంచాలో తీయాలో తేల్చడానికి అక్కడి నుంచి ఒక బృందం వచ్చింది. కంపెనీ తరఫున మాట్లాడే పెద్దమనిషి కూడా వెంట దిగాడు. రాయితీ వల్ల ఎంతమంది బతుకుతున్నారో చెప్పడానికి ఫ్యాక్టరీ యజమాని తన దగ్గరున్న మంచి పనిమంతురాలిని ఎంచుకున్నాడు. ఆమె ఆ కేసులో ఉందా అని ఆయన అడగనే లేదు. పొద్దున్నే ఆ పేటలోంచి నడిచొచ్చేవాళ్ళే తన మిషన్ల ముందు కూర్చుంటున్నారని ఆయన బుర్రకు తట్టలేదు.

బయల్దేరేముందు పక్క మిషన్ మీద కఫ్‌లు కుట్టే ఆవిడ పెద్దమ్మ చెయ్యి పట్టుకుంది.

"అక్కా, మాట జాగ్రత్త. మా అందరి కూడూ నీ నోట్లో ఉంది."

బృందం కూర్చున్న హాలుకు తోడుగా నేనూ వెళ్ళాను. పొడుగాటి బల్ల, గాజు జగ్గులు, చప్పుడు చేసే ఫ్యాను. కాలరు ఎలా తిప్పుతారో, కొస ఎలా తీస్తారో పెద్దమ్మ చేతులతో చూపించి చెప్పింది. బృందంలో వాళ్ళు ముచ్చటపడి విన్నారు. అప్పుడు కంపెనీ పెద్దమనిషి వెన్న రాసినట్టు మాట్లాడుతూ లేచాడు. వాగు పేరు చెప్పి కొందరు వేసిన కేసు వల్ల మీలాంటి కష్టజీవుల ఉద్యోగాలు పోయేలా ఉన్నాయని, వాళ్ళే ఎదురుగా ఉంటే మీరేం చెబుతారని దుబాసీ చేత అడిగించాడు.

అతని లెక్కలో కేసు వేసినవాళ్ళు ఒకరు, పని పోయేవాళ్ళు ఇంకొకరు. ఇద్దరికీ తగువు పెట్టి తాను గట్టున కూర్చోవచ్చనుకున్నాడు. పెద్దమ్మ ఏదో ఒక మెత్తని మాట చెప్పి బయటపడితే బాగుండునని నాకే అనిపించింది. ఆమె అతని కాలరు వైపు ఒకసారి చూసి, నెమ్మదిగా అంది:

"ఆ వాగు వాళ్ళలో నేనూ ఒకదాన్ని బాబూ. పగలు మీ చొక్కాలు కుడతాను, ఇంటికెళ్ళి ఆ నీళ్ళే కాచుకుని తాగుతాను. నేను కుట్టింది వంకరొస్తే విప్పి మళ్ళీ కుట్టమంటారు, కుడతాను. మీరు పాడు చేసింది మీరు బాగు చెయ్యండి. అది అడిగినందుకు పని తీసేస్తామంటే తియ్యండి, కేసులోంచి నా పేరు మాత్రం తియ్యను."

దుబాసీ తడబడుతూనే అంతా చెప్పాడు. పెద్దమనిషి తన కాలరు సర్దుకుని కూర్చున్నాడు. యజమాని తల పట్టుకున్నాడు. నాకైతే ఆ బల్లెక్కి, ఈమె మా పెద్దమ్మ అని అరవాలనిపించింది.

గర్వం కడుపు నింపదు. కొన్నాళ్ళకే చొక్కాల మీద రాయితీ పోయింది. మిషన్ల దగ్గర ఒక అలవాటుంది: ఒకరి ముందు పని పేరుకుపోతే పక్కవాళ్ళు అడక్కుండానే ఓ నాలుగు లాక్కుని కుట్టిపెడతారు. ఇప్పుడు పెద్దమ్మ ముందు ఎంత గుట్ట పేరుకున్నా ఎవరూ ముట్టుకోలేదు. కఫ్‌ల ఆవిడ పలకరించడమే మానేసింది. వెళ్ళి దులిపేసి వస్తానని నేను లేస్తే పెద్దమ్మ కూర్చోబెట్టింది. పిల్లలున్న తల్లికి ఆ మాత్రం కోపం రాకపోతే ఎలాగ అంది. తర్వాత సగం మిషన్లు ఆగిపోయాయి. ముందు పెద్దమ్మను తీసేశారు, ఆ వెనకే కఫ్‌ల ఆవిడనూ మిగతా వాళ్ళనూ.

అప్పుడు కంపెనీ మనిషి ఒకడు పని పోయినవాళ్ళ ఇళ్ళ చుట్టూ తిరిగాడు. కాలరమ్మకు నచ్చజెప్పి కేసు మానిపిస్తే రాయితీ మళ్ళీ వస్తుందని, మీ మిషన్లు మీకొస్తాయని ఆశ పెట్టాడు. ఆ సాయంత్రమే కఫ్‌ల ఆవిడ మా గుమ్మంలోకి వచ్చింది. తగువుకే వచ్చిందనుకుని నేను నడుం బిగించాను.

"ఇన్నాళ్ళూ నీ వల్లే పని పోయిందనుకున్నానక్కా," అంది. "తీయించింది మేమే, మళ్ళీ ఇప్పించేదీ మేమేనని ఆ కంపెనీవాడే నా ఇంటికొచ్చి చెప్పాడు. నా పిల్లలు తాగేదీ ఆ నీళ్ళేగా. కేసులో నా పేరు కూడా రాయించు."

పెద్దమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. నేను గుమ్మంలోంచి తొంగి చూశాను. మెట్ల మీద చొక్కా చేతులు కుట్టే ఆవిడ, జేబులు కుట్టే ఆవిడ, గుండీలు వేసే ఆవిడ, తమ వంతు కోసం నిలబడి ఉన్నారు.