ప్రభాకరన్న ఏరికోరి తెచ్చిన చప్పుడు

నిన్న పొద్దున స్వర్ణ వదిన ఫోన్ చేస్తే జీపు గురించేమో అనుకున్నాను.

"మీ అన్న లేడు తమ్ముడూ" అంది.

"అప్పుడే షెడ్డుకి బయల్దేరాడా వదినా? నన్ను రమ్మన్నాడే" అన్నాను.

అటునుంచి ఏడుపు వినపడింది. అప్పుడర్థమైంది. అలా ఎందుకడిగానా అని ఇప్పటికీ అనిపిస్తోంది.

నిద్రలోనే హార్ట్ ఎటాక్. సాయంత్రానికల్లా దహనం కూడా అయిపోయింది.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. ప్రభాకరన్నది చిక్కడపల్లి, మాది అశోక్ నగర్. చుట్టరికం ఏమీ లేదు. చిన్నప్పట్నుంచీ అన్నా అన్నా అని వెంట తిరిగానంతే.

వాళ్ళ నాన్నగారు వాడిన ఫోర్ వీల్ డ్రైవ్ జీపునే అన్న ఇప్పటికీ నడిపేవాడు. కదిలితే చాలు, గేర్లు సన్నగా కూతపెట్టేవి. ఆ కూత సందు మొదట్లో వినపడగానే పైన ఇంట్లో వాళ్ళమ్మకి తెలిసిపోయేది. "వాడొచ్చిండు, అన్నం పెట్టు" అని కోడలికి చెప్పేది. నేను పెద్దమ్మా అని పిలిచే ఆవిడకి చూపు పోయి చాలా ఏళ్ళయింది.

ఈమధ్య ఆ జీపు ట్రాన్స్‌ఫర్ కేస్ పగిలింది. ఇంజిన్ బలాన్ని ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ పంచేది అదే. కూత వచ్చేదీ దాన్లోంచే.

అంత పాత బండికి కొత్తది దొరకదు. సెకండ్ హ్యాండ్‌లో వెతకడం మొదలుపెట్టాం.

మొదట తెచ్చింది తల్చుకుంటే ఇవాళ కూడా నవ్వొస్తోంది. ముందు చక్రాలకి వెళ్ళే షాఫ్ట్ ఏ పక్కన ఉందో చూద్దామని అన్న జీపు వెనకనుంచి కిందికి దూరాడు. వెల్లకిలా పడుకుని, "ఎడమ దిక్కు తమ్మీ" అని కేకేశాడు.

సరే, ఎడమ పక్కదే కావాలని ఊరంతా తిరిగి, ఆటోలో కాళ్ళ దగ్గర పెట్టుకుని నారాయణగూడ షెడ్డుకి తెచ్చాం. మెకానిక్ యాదగిరి దాన్ని చూశాడు, జీపుని చూశాడు.

"షాఫ్ట్ అటుంది, ఇదేమో ఇటుంది. నడుమల నేను పండాల్నా?" అన్నాడు.

పైకి చూస్తూ పడుకుంటే కుడి ఎడమలు తారుమారవుతాయన్న సంగతి మా ఇద్దరికీ తట్టలేదు. అన్న ఒప్పుకుంటేగా. "నా ఎడమ ఎడమనే. జీపుదే తప్పు" అని దబాయించాడు.

తర్వాత సరిపోయేవి రెండు దొరికాయి.

ఒకటి కొంచెం కొత్త రకం. చేత్తో తిప్పితే నూనెలో తిరిగినట్టు మెత్తగా, చప్పుడే లేకుండా తిరిగింది. రెండోది అచ్చం పాతదాని లాంటిదే. గేర్ల పళ్ళు బాగున్నాయి కానీ, రోడ్డెక్కితే మళ్ళీ ఆ కూత తప్పదన్నాడు యాదగిరి.

నేను మొదటిదే తీసుకోమన్నాను. ఎవరైనా అదే అంటారు.

అన్న కళ్ళు మూసుకుని రెండోదానికి చెవి ఆనించి, చాలాసేపు దాన్ని తిప్పుతూ కూర్చున్నాడు. "ఇదే కావాలె" అన్నాడు.

"ఇంకా ఆ గోలెందుకన్నా?"

"మీ అశోక్ నగరోళ్ళు మెత్తటి మనుషులు తమ్మీ, జర సప్పుడు కూడా పడదు మీకు" అని నవ్వాడు.

తర్వాత నా వైపు చూడకుండా చెప్పాడు. "జీపు షెడ్డుల పడ్డప్పటిసంది స్కూటర్ మీద పోతున్న. తలుపు తీస్తే అమ్మ ఎవరూ అని అడుగుతుంది. రోజూ. నన్ను."

ఆ రెండోదాన్నే తీసుకున్నాం.

యాదగిరి దాన్ని బిగించాక, నిన్న ఇద్దరం వెళ్ళి జీపు తెచ్చుకోవాల్సింది. ఏరికోరి తెచ్చుకున్న ఆ చప్పుడు రోడ్డు మీద ఎలా ఉంటుందో అన్న వినలేదు.

ఇవాళ పొద్దున వదిన, "అది బయట ఉండొద్దు, ఇంటికి తెచ్చెయ్" అంది. ఒక్కణ్ణే వెళ్ళాను.

నారాయణగూడ షెడ్డులోంచి కదలగానే చప్పుడు మొదలైంది. అచ్చం అదే కూత. పక్క సీట్లో కూర్చుని ఎన్నేళ్ళు విన్నానో. చిక్కడపల్లి మెయిన్ రోడ్డులో టీ కొట్టు దగ్గర ఒకాయన చప్పుడు విని, ఇటు తిరక్కుండానే నమస్తే పెట్టడానికి చెయ్యెత్తాడు. తిరిగి నన్ను చూశాడు. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

పెద్దమ్మ గుర్తొచ్చి భయమేసింది. సందు మొదట్లోనే ఇంజిన్ ఆపేశాను. కుర్చీలు సర్దుతున్న చుట్టాల్ని పిలిచి, నలుగురం కలిసి మాటామంతీ లేకుండా జీపుని ఇంటిదాకా తోసుకొచ్చాం.

పైకి వెళ్ళేసరికి పెద్దమ్మ తలుపు పక్కనే కూర్చుని ఉంది. నిన్న కొడుకు మొహమంతా చేతుల్తో తడిమి చూసుకున్న మనిషి.

"జీపు తెచ్చిన్రా?"

"తెచ్చాం పెద్దమ్మా."

"మరి సప్పుడెందుకు చెయ్యలే?"

నేను తాళం జేబులో పెట్టుకున్నాను.

"నాకోసమే గదా బిడ్డా, వాడు గంత తిరిగి దాన్ని తెచ్చింది. ఒక్కసారి ఇననియ్యి."

సాయంత్రం వినిపిస్తానని మాటిచ్చాను. తాళం నా జేబులోనే ఉంది.

జీపు నడపడానికి భయం లేదు. సందులోకొచ్చి, గేటు ముందు ఆపుతాను. ఆపాక మెట్లెక్కి ఎవరో ఒకరు రావాలి కదా. ఆ వచ్చేది నేను. అదొక్కటే నావల్ల అయ్యేలా లేదు.

అన్నా, వెళ్ళిరా మరి. నువ్వెక్కడున్నా నీ మనసు నిమ్మళంగా ఉండాలి. పెద్దమ్మ దగ్గర మేమున్నాం.