నోవై నుంచి మా అమ్మ లైన్‌లో ఉంది

మా చిన్నప్పుడు... అమెరికాలో, డెట్రాయిట్ పక్కనున్న నోవైలో మా వంటింట్లో పోపులడబ్బా పక్కన ఒక చిన్న రేడియో ఉండేది. అందులో పాటలు వచ్చేవి కావు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా, బంతిని చేత్తో విసిరి ఆడే అమెరికా ఫుట్‌బాల్ ఏడుపే... మా డెట్రాయిట్ టీమ్ ఎందుకు ఓడింది, ఇక ఎప్పటికైనా గెలుస్తుందా అని ఊళ్లోవాళ్లు ఫోన్ చేసి మొత్తుకునేవాళ్లు. అమ్మ వంకాయలు తరుగుతూ వినేది.

అలవాటైంది మంచు వల్ల. మమ్మల్ని స్కూల్‌కి తీసుకెళ్లేటప్పుడు ఏ రోడ్డు మూశారో చెప్తారని ఆ స్టేషన్ పెట్టింది, మళ్లీ తీయలేదు. గుంటూరులో కాలేజీలో లెక్కలు చెప్పిన మనిషి... నాన్న వీసా మీద వచ్చింది కాబట్టి ఇక్కడ ఉద్యోగం చేయకూడదు. రోజంతా ఇంట్లో ఆమెతో మాట్లాడేది ఆ రేడియో ఒక్కటే.

నాకు పదకొండేళ్లప్పుడు మా టీమ్ సీజన్ మొత్తంలో ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. ఒక్కటంటే ఒక్కటి... అదే చలికాలంలో నాన్న పనిచేసే కార్ల డిజైన్ ఆఫీస్‌లో వారం వారం ఎవరో ఒకరు సామాను సర్దుకుని వెళ్లిపోయేవారు. నాన్న అన్నం కలిపి, ముద్ద ఎత్తకుండా అలాగే కూర్చునేవారు. ఉద్యోగం పోతే వీసా పోతుంది, వీసా పోతే ఇల్లు, స్కూలు, అన్నీ... ఆ మాట మా ఇంట్లో ఎవరూ పైకి అనేవాళ్లు కాదు. ఫుట్‌బాల్ గురించి మాత్రం తెగ మాట్లాడుకునేవాళ్లం.

అందరికంటే అడుగున పడ్డ టీమ్‌కి ఒక ఓదార్పు ఉంటుంది. ఏప్రిల్‌లో కాలేజీ కుర్రాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి ఛాన్స్ వాళ్లదే. ఇక జనవరి నుంచే టీవీల్లో ఒకటే హడావుడి... కుర్రాళ్ల ఎత్తు, బరువు, ఆఖరికి అరచెయ్యి కూడా కొలిచి చూపించేవాళ్లు. నా పెళ్లిచూపుల్లో కూడా ఇంత చూడలేదు అనేది అమ్మ. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ ఒకడున్నాడు, వాడొస్తే మన తలరాత మారిపోతుంది అని నిపుణులంతా తేల్చేశారు. ఇంకా ఎంచుకోనే లేదు, మా ఫ్యామిలీ ఫ్రెండ్ రఘు అంకుల్ అప్పుడే ఆ కుర్రాడి పేరు వేయించిన టీషర్ట్ తొడుక్కుని తిరిగారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని అమ్మ నవ్వింది.

అమ్మది వేరే పట్టు. కావలసింది విసిరేవాడు కాదు, వాడి ముందు అడ్డంగా నిలబడి కాపాడే లావుపాటి కుర్రాళ్లు అని. తలా ఒక వంట తెచ్చుకునే ఒక పాట్‌లక్‌లో రఘు అంకుల్, హీరో లేకుండా సినిమా ఆడుతుందా వదినగారూ అన్నారు. అమ్మ పులిహోర వడ్డిస్తూనే అడిగింది.

"గుంజలు పాతకుండా పందిట్లో పెళ్లికొడుకుని కూర్చోబెడతారా అన్నయ్యగారూ?"

మగవాళ్లంతా నవ్వేసి వేరే మాటల్లో పడ్డారు. అమ్మ మొహం చిన్నబోయింది. ఆ రోజు నుంచి ఆమెకి ఒకటే పట్టుకుంది... డ్రాఫ్ట్ జరిగేలోపల ఈ మాట రేడియోలో చెప్పాలి. ఎవరో ఒకరు వినాలి.

నేను స్కూల్ నుంచి వచ్చేసరికి చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని హోల్డ్‌లో ఉండేది. ప్రోగ్రాం అయిపోయేది, లైన్ కట్ అయ్యేది. మర్నాడు మళ్లీ... నాన్న ఒకసారి విసుక్కున్నారు, నువ్వు చెప్తే టీమ్‌ని మార్చేస్తారా అని. అమ్మ ఫోన్ దించలేదు.

"మారుస్తారని కాదండీ. మన చేతుల్లో ఏదీ లేదు... నోరన్నా ఉంది కదా."



డ్రాఫ్ట్ ముందురోజు సాయంత్రం లైన్ కలిసింది. ఫోన్ ఎత్తే అమ్మాయి ఎవరినైనా రెండే అడుగుతుంది, పేరేంటి, ఎక్కడి నుంచి అని. "సుజాత, ఫ్రమ్ నోవై" అంది అమ్మ. కొట్లోనో స్కూల్లోనో అయితే ఆ జవాబు చాలదు, అది కాదు, అసలు ఎక్కడి నుంచి అని మళ్లీ అడుగుతారు. రేడియోవాళ్లు అడగలేదు. నోవై అంటే నోవైయే వాళ్లకి...

తనకొచ్చిన ఇంగ్లీషులో గబగబా చెప్పేసింది. ఆ అబ్బాయి మంచోడే, కానీ మన టీమ్‌లో వాడిని కాపాడేవాళ్లు లేరు, ఎవరిని తెచ్చి నిలబెట్టినా పడిపోతాడు అని. మన టీమ్ అంది... సరిగ్గా అప్పుడే పొయ్యి మీద కుక్కర్ కూత పెట్టింది. హోస్ట్ పకపకా నవ్వి, రిఫరీ విజిల్ వేశాడా మేడం అని అడిగాడు. కాదు పప్పు అంది అమ్మ. లైన్ కట్ అయింది. నవ్వితే నవ్వారు, విన్నారు కదా అంటూ కళ్లు తుడుచుకుంది.

మర్నాడు టీమ్ ఆ క్వార్టర్‌బ్యాక్‌నే ఎంచుకుంది. రఘు అంకుల్ స్వీట్లు పంచారు. అమ్మ ఒక ముక్క తీసుకుని, పాపం పిల్లాడు అంది.

సెప్టెంబర్‌లో నాన్న ఉద్యోగం పోయింది. అదృష్టం కొద్దీ టెక్సస్‌లో, కాపెల్‌లో ఇంకొకటి దొరికింది, వెంటనే రమ్మన్నారు. కార్ నిండా సామాను, అమ్మ ఒళ్లో పోపులడబ్బా... పక్క రాష్ట్రం ఒహాయోలోకి దిగేసరికి రేడియో గరగరమంటోంది. ఆ కుర్రాడు దెబ్బ తగిలి పడిపోయాడట. కుక్కర్ మోగించుకుంటూ ఒకావిడ అప్పుడే చెప్పింది, మనమే నవ్వాం, ఆవిడ వింటూ ఉంటే ఒకసారి ఫోన్ చేయాలి అంటున్నాడు హోస్ట్.

అమ్మ డయల్ చేసింది. నాన్న రేడియో తగ్గించారు. ఆ రోజు హోల్డ్ కూడా లేదు, వెంటనే ఎత్తారు. సుజాత అని చెప్పింది అమ్మ. ఎక్కడి నుంచి అని అడిగింది ఆ అమ్మాయి.

అమ్మ కిటికీలోంచి చూసింది. ఎవరివో మొక్కజొన్న చేలు... నోరు తెరిచింది. ఏమీ రాలేదు. హలో, హలో అని ఆ అమ్మాయి పిలుస్తూనే ఉంది. అమ్మ ఫోన్ పెట్టేసి, పోపులడబ్బాని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. నాన్న ఏడవడం నేను చూసింది ఆ రోజే.

ఇప్పుడు ఎవరూ హోల్డ్‌లో ఉండక్కర్లేదు. డ్రాఫ్ట్ వస్తే ఎవరికి తోచింది వాళ్లు ఫోన్‌లో రాసేస్తారు, ఎక్కడి నుంచి అని అడిగే నాథుడే లేడు. అమ్మ ఇప్పటికీ కాపెల్‌లోనే ఉంది. ఇక్కడి టీమ్ మ్యాచ్‌లు చూస్తుంది, బాగానే చూస్తుంది, కానీ ఒక్కసారి కూడా మన టీమ్ అనలేదు...

మీ ఇంట్లోనూ ఇలా ఓడిపోయే టీమ్‌ని పట్టుకుని వేలాడినవాళ్లు ఉన్నారా? ఉంటే రాయండి, అమ్మకి చదివి వినిపిస్తాను. పేరు రాయండి... ఎక్కడి నుంచో కూడా రాయండి. మీరు ఏ ఊరు రాస్తే అదే. మళ్లీ అడగం.