సీసా అడుగున గీత

అంకయ్య పొగ వాసన చూసి మనిషి ఎప్పుడు పోతాడో చెప్పగలడు. రోజు, పూట, ఒక్కోసారి గంటతో సహా.

సరే, మనిషి కాదు, మిషను. పెట్రోలు తాగి చెట్లు కోసే గొలుసు రంపం ఎప్పుడు చస్తుందో చెప్పగలడు. గంట సంగతి నేను కలిపిందే. కానీ మనిషి విషయం కూడా ఒక్కసారి చెప్పాడు. ఆ మనిషిని నేనే కాబట్టి అన్న మాట పూర్తిగా వెనక్కి తీసుకోలేను.

అంకయ్యది కనిగిరి దగ్గర ఊరు. పద్దెనిమిదో ఏట సైన్యంలో చేరి, మెకానిక్ పని నేర్చి, హవల్దారుగా రిటైరయ్యాడు. చివరి పోస్టింగు ఢిల్లీ కంటోన్మెంటు కావడంతో ఇక్కడే ఉండిపోయాడు. ద్వారక నుంచి పాలం వెళ్లే దారిలో అతనికో రేకుల షెడ్డు ఉంది. గడ్డి కోసే మిషన్లు, దోమల పొగ మిషన్లు, రంపాలు, చుట్టుపక్కల అపార్టుమెంటు సొసైటీల్లో ఏది మొరాయించినా అక్కడికే వస్తుంది. నేనూ రోజూ వెళ్తాను. బాగు చేయించుకోవడానికి నా దగ్గర నేను తప్ప ఇంకేమీ లేదు, కానీ అక్కడ తెలుగు వినపడుతుంది, అతని భార్య గౌరి టీ ఇస్తుంది.

"ఈయన చొక్కా ఉతికిన నీళ్లలో అగ్గిపుల్ల వేస్తే మండుద్దండీ," అంటుంది గౌరి టీ గ్లాసు చేతికిస్తూ.

షెడ్డు కిటికీలో వరసగా గాజు సీసాలుంటాయి. ప్రతి సీసా మెడకూ దారంతో ఒక చీటీ. దాని మీద తారీకు, కింద ఒక అంకె, ఇరవై అనో నలభై అనో. రంపం ఇంజనుకు నూనె దాచుకునే గది వేరే ఉండదు. తాగే పెట్రోల్లోనే నూనె కలిపి పోయాలి. లీటరుకు ఎన్ని మిల్లీలీటర్లు కలిపాడో ఆ అంకె చెబుతుంది.

"ఎంత కలపాలో మిషను మీదే రాసి ఉంటుంది కదా అంకయ్యా, దీనికింత తతంగమా?" అన్నాను ఒకసారి.

"రాసుంటది సార్. మంచి రంపం, మంచి నూనె అయితే లీటరుకి ఇరవై. ఆన్‌లైన్లో వచ్చే చవక సరుకైతే నలభై. ఎక్కువైతే పొగొచ్చి ప్లగ్గు నల్లబడుద్ది, తుడుచుకోవచ్చు. తక్కువైతే పిస్టన్ బిగుసుకుని పట్టేసుద్ది. అది తుడిస్తే పోయేది గాదు."

"మధ్యలో ముప్ఫై పోస్తే?"

"పెళ్లిలో వియ్యంకులిద్దరికీ సర్దిచెప్పే పెద్దమనుషులు మీరు. మిషన్‌కి మొహమాటం ఉండదు సార్."

"మరి తారీకెందుకు?"

అతను ఒక సీసా తీసి ఎండకు పట్టాడు. లోపల లేత ఆకుపచ్చ రంగు, పైనుంచి అడుగు దాకా ఒక్కటే.

"ఇప్పటి పెట్రోల్లో అయిదో వంతు ఇథనాలే. అది తడిని పీల్చుద్ది. తడి ఎక్కువైతే నీళ్లూ ఇథనాలూ కలిసి అడుక్కి దిగిపోతయ్. నూనె పైన పెట్రోల్తోనే ఉండిపోద్ది. ఇదిగో, ఇక్కడ సన్నగా గీత పడుద్ది. రంపం గొట్టం పీల్చేది అడుగు నుంచి. పైన ఎంత నూనె ఉంటే మాత్రం ఏం లాభం?"

ఇరవై రోజులు దాటిన కలుపును అంకయ్య రంపానికి పట్టడు. కొలతకు అతని దగ్గర దగ్గుమందు మూత ఒకటి ఉంది, పది మిల్లీలీటర్లది. కంటి అంచనాతో పోసేవాణ్ణి చూస్తే అతని దవడ బిగుస్తుంది. ఎందుకని అడిగితే చాలా రోజులు చెప్పలేదు. ఒకనాడు గౌరి బజారుకు వెళ్లినప్పుడు చెప్పాడు.

అరుణాచల్‌లో రోడ్డు మీద పడ్డ చెట్లను కోసి తీసే దళంలో ఉన్నప్పటి మాట. జయచంద్ర అని చిత్తూరు కుర్రాడు ఇతని జోడీ. ఒక పొద్దున చలికి చేతులు కొంకర్లు పోతున్నాయని ఎవరో కొలవకుండా నూనె పోశారు. మాను సగం తెగేసరికి రంపం పట్టేసింది.

"సగం తెగిన మాను ఎవురి మాటా ఇనదు సార్. అటు పడాల్సింది ఇటు తిరిగింది. జయచంద్ర ఇటే ఉండాడు."

"తర్వాత?"

"తర్వాత నేను కొలత మూత కొన్నా."



ఇక మా సొసైటీ. కార్యదర్శి భీమేశ్వరరావు తాడేపల్లిగూడెం మనిషి, ముప్ఫై ఏళ్లు ఎయిర్ ఫోర్స్ స్టోర్స్‌లో పనిచేశాడు. మార్చిలో గాలివానల కోసమని ఒక కొత్త రంపం కొన్నాడు. కొన్నరోజే టాంకు నిండా కలుపు పోయించి, మరో అయిదు లీటర్ల కలుపు డబ్బాలో నింపి, తారీకు వేసి, 'ఎప్పుడూ సిద్ధం' అని రాసిన కాగితం అంటించి, పంపు షెడ్డులో పెట్టించాడు. ఫౌజులో పనిచేసినవాళ్లకు ఖాళీ టాంకు అంటే బెల్టు లేకుండా పెరేడ్‌కు వచ్చినట్టు. ప్రతి సోమవారం ఆయన షెడ్డు తలుపు తీసి, డబ్బా నిండుగా ఉందని చూసుకుని, తృప్తిగా తాళం వేసేవాడు.

ఆ షెడ్డు ఎదురుగా పార్కింగులో పెద్ద నేరేడు చెట్టు ఉండేది. పైపుల కోసం ఒక పక్క వేళ్లు నరికారు. రెండో పక్క మొదలు దాకా సిమెంటు పోశారు. చెట్టు నెలనెలా కాస్త కాస్త వంగుతోంది. కొట్టడానికి అనుమతి అడిగారు, జవాబు రాలేదు. దాని నీడలో నా కారు. ఇంట్లో టీవీ గోల పడలేక రోజూ మధ్యాహ్నం నేను అందులో కూర్చుని పేపరు చదువుకునేవాణ్ణి.

జూలైలో ఒకరోజు అంకయ్య పొగ మిషను బాగు చేయడానికి వచ్చాడు. షెడ్డు రేకుల్లోంచి నీటి చుక్కలు ఆ డబ్బా మీదా, పక్కనున్న రంపం టాంకు మూత మీదా పడుతున్నాయి. అతను మూత తిప్పి వాసన చూశాడు. మూతలోని రబ్బరు వాషరు ఎండి చిట్లి ఉంది.

"ఇది వాడబాకండి సార్. తీసేయించండి."

"మార్చిలో కలిపిందయ్యా, ఒక్క చుక్క ముట్టుకోలేదు. ఫ్రెష్ మాల్!" అన్నాడు భీమేశ్వరరావు.

"ముట్టుకోకపోవటమే సార్ దీని జబ్బు."

"అచ్ఛా! ముప్ఫై ఏళ్లు స్టోర్స్ చూసినోణ్ణి, నాకు చెప్తున్నావా?"

"మీరు చూసింది స్టోర్స్ సార్. నేను చూసింది పిస్టన్లు."

భీమేశ్వరరావు చెవులు ఎర్రబడ్డాయి. "ఠీక్ హై, ఠీక్ హై. సోమవారం ఇన్‌స్పెక్షన్లో చూద్దాం," అని తాళం వేశాడు.

అంకయ్య కదల్లేదు. తాళం వంక చూశాడు, చెట్టు వంక చూశాడు, చివరికి నా కారు వంక చూశాడు.

"మూడూ ఒక్క చోటే ఉండాయి," అన్నాడు మెల్లగా. "సార్, మీరు ఈ కార్లో కూచోబాకండి. కూచుంటే ఈ కలుపు మిమ్మల్ని చంపుద్ది."

నవ్వాను. అతను నవ్వలేదు.

సోమవారం వచ్చింది. డబ్బా నిండుగా ఉంది. భీమేశ్వరరావు తృప్తిగా తాళం వేశాడు.

గురువారం మధ్యాహ్నం మూడింటికి ఆకాశం పసుప్పచ్చగా మారింది. ముందు దుమ్ము లేచింది, తర్వాత పావురాలన్నీ ఒక్కసారే ఎటో పోయాయి. కారు అద్దం దింపి ఉందని గుర్తొచ్చి కిందికి పరుగెత్తాను. అద్దం ఎక్కించేలోగా వాన దంచి కొట్టింది. తడవడం దేనికని లోపలే కూర్చున్నాను.

మొదట సిమెంటు పగిలిన చప్పుడు వినిపించింది. తర్వాత నేరేడు చెట్టు, బస్సు దిగే ముసలమ్మలా, తొందర లేకుండా నా మీదికి వంగింది. మాను ఒక కొస పార్కింగు గోడ మీద, రెండో కొస కారు పైకప్పు మీద ఆనింది. రెండింటి మధ్యా దాన్ని ఆపుతున్నది చెయ్యి లావు కొమ్మ ఒక్కటే. నా మోకాళ్లు స్టీరింగు కింద ఇరుక్కున్నాయి. ముందు అద్దం పగుళ్లు తేలింది, తలుపు తెరుచుకోలేదు. గాలి వీచినప్పుడల్లా కొమ్మ కిర్రుమనేది, పైకప్పు ఒక వేలు కిందికి దిగేది.

కాన్వెంటులో సిస్టర్లు నేర్పిన ఇంగ్లీషు ప్రార్థన డెబ్బై ఏళ్ల తర్వాత ఒక్క తప్పు లేకుండా నోటికొచ్చింది. అది అయ్యాక, ఎందుకైనా మంచిదని, వెంకటేశ్వరస్వామికి కూడా చెప్పుకున్నాను.

జనం మూగారు. భీమేశ్వరరావు రంపం పట్టుకుని వచ్చాడు, ఈ రోజు కోసమే పుట్టినవాడిలా. తాడు రెండోసారి లాగగానే రంపం అందుకుంది. ఆయన నేరుగా మాను మీద పెట్టాడు.

నూనె అందుతున్న రంపం గొణుగుతుందనీ, అందనిది కేక పెడుతుందనీ అంకయ్య నాకు చెప్పి ఉన్నాడు. ఇది కేక కూడా కాదు, ఊళ. క్షణక్షణం పైకి పోతోంది. మాను సగం తెగేసరికి ఇది పట్టేస్తుంది, సగం తెగిన మాను ఎవరి మాటా వినదు. అక్కడున్న యాభై మందిలో ఆ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే, నేనేమో అద్దాల లోపల.

"ఆపండి!" అని అరిచాను.

భీమేశ్వరరావు నాకు ధైర్యం చెబుతున్నట్టు చెయ్యి ఊపి, ఇంకా గట్టిగా నొక్కాడు.

గేటు దగ్గరి కాపలావాడు అప్పటికే ఫోను చేసినట్టున్నాడు. అంకయ్య మోటార్ సైకిలు మీద తడిసి ముద్దయి వచ్చాడు. పలకరింపు లేదు. చెయ్యి చాపి రంపం స్విచ్చి ఆపేశాడు.

"పాగల్ హో క్యా? అంకుల్ అందర్ హై!" అని అరిచింది పక్క ఫ్లాటు నేహా.

"లోపలుండాడనే ఆపింది," అన్నాడు అంకయ్య తెలుగులోనే.

రంపం టాంకులోది తన సంచిలోని గాజు సీసాలోకి వంచి, భీమేశ్వరరావు మొహం ముందు పెట్టాడు. పగిలిన అద్దంలోంచి నాకూ కనిపించింది. అడుగున మూడు వేళ్ల మేర నీళ్ల రంగు. దాని పైన ఆకుపచ్చ. మధ్యలో కత్తితో గీసినట్టు గీత. భీమేశ్వరరావు రెండడుగులు వెనక్కి జరిగాడు.

అంకయ్య మోటార్ సైకిలు టాంకుకు గొట్టం పెట్టి, లీటరు నీళ్ల సీసాలోకి పెట్రోలు తీశాడు. జేబులోంచి నూనె సీసా, దగ్గుమందు మూత తీశాడు. ఒక మూత. రెండో మూత. కొమ్మ కిర్రుమంది. పైకప్పు నా నడినెత్తికి తగిలింది.

"భయ్యా, జల్దీ కరో!" నేహా ఏడుస్తోంది.

మూడో మూత. నాలుగో మూత నిండుతుండగా అందులో వాన చుక్క పడింది. అంకయ్య ఆగాడు. ఆ నూనె కింద పారబోసి, మూతను సంచిలోని పొడి గుడ్డతో తుడిచి, ఆ నాలుగో మూత మళ్లీ నిండా కొలిచి పోశాడు. నా డెబ్బై ఆరేళ్ల జీవితంలో అంత పొడుగు నిమిషం లేదు. యాభై మంది తిడుతున్నారు. అతని చెయ్యి బెదరలేదు. అతను చూస్తున్నది నన్ను కాదు, జయచంద్రనని నాకు అనిపించింది.

సీసా మూత పెట్టి లెక్కపెట్టి ఊపాడు. కాస్త పోసి టాంకు కడిగాడు. మిగతాది నింపాడు. తాడు లాగాడు. పలకలేదు. మళ్లీ లాగాడు. పలకలేదు. మూడోసారి రంపం దగ్గి, నీలం పొగ వదిలి, గొణగడం మొదలుపెట్టింది.

మాను కింద కారు జాకీలు రెండు పెట్టించి, బయటి కొస నుంచి ముక్క ముక్కగా బరువు దించుకుంటూ వచ్చాడు. ఇరవై నిమిషాలు ఆ గొణుగుడు ఆగలేదు. ఎవరో తలుపు విరిచి నన్ను లాగారు. నా కాళ్లు బయటపడి ఒక్క ఊపిరి తీసుకున్నానో లేదో, మిగిలిన మొద్దు నేను కూర్చున్న సీటు మీద కూలింది. రంపం కూడా అప్పుడే ఆగింది. మళ్లీ పలకలేదు.

లీటరుకు ఇరవై చాలే కొత్త రంపానికి నలభై ఎందుకు పోశావని అడిగాను, నాకు టీ దిగడం మొదలయ్యాక.

"అప్పటికే దెబ్బతిన్న పిస్టన్ సార్. కాసేపన్నా బతకాలంటే కాస్త ఎక్కువ పొయ్యాల."

ఇదంతా రాసి మొన్న ఆదివారం షెడ్డులో అంకయ్యకు చదివి వినిపించాను. అతను గొలుసు పళ్లకు ఆకురాయి పెడుతూ, తల ఎత్తకుండా చివరిదాకా విన్నాడు.

"అంతా అబద్ధం," అన్నాడు. "చెట్టు పడలా. ఒక కొమ్మ ఇరిగింది, అదీ సైకిల్ స్టాండు మీద. మీరప్పుడు మూడో అంతస్తులో పకోడీలు తింటన్నారు."

"మరి భీమేశ్వరరావు గారు ఇప్పుడు ప్రతి సోమవారం డబ్బా ఖాళీగా ఉందో లేదో చూసుకుంటున్నారు కదయ్యా?"

"నాకు తెలవదు."

"జయచంద్ర?"

ఆకురాయి ఆగింది.

"ఆ పేరు గలోళ్లు నాకెవురూ తెలవదు," అన్నాడు. ఆకురాయి మళ్లీ కదిలింది.

కిటికీలో సీసాల వరస చివర ఒక సీసా కొత్తగా కనిపించింది. చీటీ మీద మార్చి తారీకు ఉంది. అడుగున మూడు వేళ్ల మేర నీళ్ల రంగు, పైన ఆకుపచ్చ.

"మరి అదేమిటి?"

"గౌరి దీపం నూనె."

"మధ్యలో గీత ఉంది కదా అంకయ్యా!"

అతను లేచి, సీసాను గోడ వైపుకు తిప్పి పెట్టాడు.

"లేదు సార్," అన్నాడు.