గోనెడు దుంపలు, ఒక్క మొక్క

వృక్షశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన మహాలక్ష్మిగారు పోయారన్న కబురు అనకాపల్లి గ్రంథాలయంలో విన్నాను. చేతిలో ఉన్నది ఆవిడ చదవమన్న పుస్తకమే. మూయడం మరిచిపోయాను.

తుమ్మపాలలో ఆవిడ పెరట్లో రెండు మడుల అగ్నిశిఖ ఉంది. నిప్పుకణికల్లాంటి ఎర్ర, పసుపు పువ్వులు. తెలియనివారు రెండూ ఒకటేనని కలిపేస్తారు. అలా జరగకూడదనే ఇది రాస్తున్నాను.

మొదటి మడి మొక్క రాంబిల్లి సముద్రతీరపు ఇసుకనేలలది. రెండోది బుచ్చయ్యపేట వైపు ఒక గుట్టది. ఆ గుట్టను రోడ్డు కోసం తవ్వేస్తారని తెలిశాక ఆవిడ స్థిమితంగా కూర్చోలేదు.

"అదే పువ్వు సముద్రపొడ్డున బోలెడుంది కదండీ" అన్నాను, రెండు పుస్తకాలు చదివిన ధీమాతో.

"మీ ఇంటిపేరోళ్ళు ఊరంతా ఉన్నారు. నువ్వు పోతే పరవాలేదేటి?" అన్నారు.

గుట్ట మీది అగ్నిశిఖను పెరటికి తెచ్చేందుకు, గుట్ట కింద చెరకు వేసే అప్పలనాయుడిని సాయమడిగారు. ఆయన మర్నాడే గోనెడు దుంపలు మోసుకొచ్చి గర్వంగా దింపాడు.

"ఎక్కడ తవ్వేవు నాయుడూ?"

"ఒక్క పొద కాడేనండి మేడంగారూ. ముక్కలు సేసి నాటేత్తే తోటంతా అదే!"

ఆవిడ పడీపడీ నవ్వారు. "గోనెడు తెచ్చేవు గానీ ఒక్క మొక్కే తెచ్చేవు! చెరకు గడ కోసి ముచ్చెలు నాటితే తోటంతా ఒకే రక్తం కాదేటి? ఎర్రకుళ్ళు వచ్చినప్పుడు నీకు ఒక్క గడైనా మిగిలిందా?"

నాయుడి నవ్వు ఆగింది. ఆ తెగులుకి తోట మొత్తం పోగొట్టుకున్నవాడాయన. "అయితే ఏటి సెయ్యమంటారు?"

"గింజలు కావాలి. ఏ గింజ రక్తం దానిదే. గుట్ట నాలుగు పక్కలా ఏరాలి."

కాయలు పండే కార్తీకం దాకా గుట్ట ఉంటుందా అన్నదే ఆవిడ బెంగ. ఉంది. ఇద్దరూ గుట్టంతా తిరిగి సంచి నింపుకొచ్చారు. తరువాత అక్కడ రోడ్డే మిగిలింది.

కొన్నేళ్ళకు గుట్ట మడి పూసింది. ఒక పువ్వుకి అంచులన్నీ అలలు, ఇంకొకటి దాదాపు పసుపే, మరొకటి పొట్టిది. "చూడు, పెళ్ళికొచ్చిన చుట్టాల్లా ఒకరి పోలిక ఒకరికి లేదు!" అని ఆవిడ మురిసిపోయారు. పెరట్లోకి ఎవరొచ్చినా ఒకటే హెచ్చరిక: "చూడు, మెచ్చుకో, నోట్లో పెట్టకు. దుంప విషం."

మొన్న పదోరోజున అప్పలనాయుడు ఆ మడిలో పండిన కాయలు ఒలిచి, ఎర్రని గింజలు ఆవిడ ఫొటో ముందు పోశాడు. "గోనెడు తెత్తే ఒక్కటే అన్నారు మేడంగారూ. ఇప్పుడు గుప్పెడే తెచ్చేను. ఎంతమందున్నారో సూసుకోండి."

ఏడుస్తున్నవాళ్ళం అందరం నవ్వేశాం.

మడులకు నీళ్ళు పోస్తున్న ఆవిడ చెల్లెలు వరహాలమ్మగారికి, పుస్తకాలు వెతికిచ్చిన గ్రంథపాలకుడు సత్యంగారికి, అప్పలనాయుడికి కృతజ్ఞతలు. మహాలక్ష్మిగారూ, మీలాంటి గింజ మాకు ఇంకొకటి లేదు. మీకు నమస్కారం.