తిరిగొచ్చే పేరు

కుక్కపిల్లకు పేరు పెట్టడం కూడా ఒక పనేనా అంటారు. టామీ అనో, రాజా అనో నోటికొచ్చింది పిలిస్తే తోకాడించుకుంటూ అదే వస్తుంది. నిజమే. కానీ ఆ కుక్కపిల్ల వచ్చిపడింది నస్పూర్ కాలనీలో లక్ష్మీరాజం ఇంట్లో. పేరు దగ్గర ఆ ఇంట్లో జరిగినంత రామాయణం ఇంకెక్కడా జరగలేదు.

లక్ష్మీరాజం వయసంతా బొగ్గుబాయికే ధారపోసిన మనిషి. పొద్దున దిగితే మాపటికి పైకొచ్చేది, మాపున దిగితే తెల్లారి పైకొచ్చేది. వచ్చాక తిన్నగా ఇంటికి పోతాడా అంటే పోడు. ఎర్రజెండా యూనియన్ ఆఫీసు గడప తొక్కాల్సిందే. అక్కడ ఒక చెక్క బీరువా నిండా రష్యా నుంచి తెలుగులో అచ్చయి వచ్చిన రంగుల పత్రికలు. ఆ కాగితం నునుపు చూసి మురిసిపోవడం, కూడబలుక్కుంటూ చదవడం, చదవడం రానివాళ్లకు తనే వినిపించడం. బొగ్గు మసి ఇంకా కళ్ల అంచులకు ఉండగానే ఆయన రష్యా మొత్తం తిరిగొచ్చేవాడు, మంచిర్యాల దాటకుండానే.

ఆ రోజుల్లో కాలనీలో ఒక ఆచారం ఉండేది. మేడే నాడు జెండా ఎగరేశాక, ఆ ఏడు పుట్టిన పిల్లల్ని జెండా కిందికి తెచ్చి పేర్లు పెట్టేవాళ్లు. పంతులు చెప్పిన అక్షరం గాలికి పోయేది. అట్లా మా కాలనీ అంతా యూరీలు, నటాషాలు, ఓల్గాలు. బతుకమ్మ ఆడేచోట ఓల్గా పాట అందుకుంటే నటాషా చప్పట్లు కొట్టేది. కొత్తగా వచ్చిన చుట్టాలు నోళ్లు తెరుచుకుని చూసేవాళ్లు. మాకు మాత్రం వింతేం అనిపించేది కాదు.

లక్ష్మీరాజానికి ఒక్కతే బిడ్డ. మేడే నాడు ఎత్తుకుపోయి వాలెంటీనా అని పెట్టుకొచ్చాడు. రాకెట్‌లో ఆకాశానికి పోయిన మొదటి ఆడమనిషి పేరది. ఇంటికొస్తే భార్య బాలవ్వ చీపురు అందుకోవడమే తక్కువ.

"గదేం పేరయ్యా! రాజన్న దేవుని పేరు మీద రాజవ్వ అనుకుంటిమి గదా. నాకు నోరు తిరగాలె గదా పిలుసుడుకు!"

"నోరుదేముందే, తిప్పితె తిరుగుతది."

"పైకి పోయిన ఆమె పేరు ఎందుకు నా బిడ్డకు? ఎటు పోవాల్నని?"

లక్ష్మీరాజం అప్పుడు చెప్పిన మాట బాలవ్వ ఇప్పటికీ మర్చిపోలేదు. "పైకి పోయిందని పెట్టలేదే పిచ్చిదానా. తిరిగొచ్చిందని పెట్టిన."

బాయి పని చేసేవాళ్ల ఇళ్లలో తిరిగి రావడమంటే ఏంటో వేరే చెప్పాలా? షిఫ్టుకు బయలుదేరే మగవాడు గడప దగ్గర "పోతున్న" అనడు. "పోయొస్త" అంటాడు. పొరపాటున "పోతున్న" అన్నా, వెనక్కి పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్లు తాగించి, మళ్లీ సరిగ్గా అనిపించి పంపుతారు.

అయినా బాలవ్వ ఊరికే ఒప్పుకోలేదు. పేరుకు తన తోక తగిలించింది. "వాలెంటీనవ్వా! ఓ వాలెంటీనవ్వా! అన్నం సల్లారుతుంది దా!" అని పొద్దూకగానే వాకిట్లోంచి కేక పెడితే నాలుగు లైన్ల అవతలకు వినిపించేది. పేరు పెట్టినాయన మురిపెంగా వినేవాడు. వద్దన్న ఆమే ఆ పేరును అందరికంటే ఎక్కువ అరగదీసింది.

బిడ్డ పెద్దదయింది, డిగ్రీ అయింది, ఆదిలాబాద్ సంబంధం కుదిరింది. పిల్లగాడు శ్యాంసుందర్, పత్తి జిన్నింగు మిల్లులో సూపర్‌వైజర్. మంచివాడే, వంక పెట్టేదేం లేదు. కాకపోతే వాళ్లది మహారాష్ట్ర పద్ధతి. కోడలు ఇంట్లో కాలు పెట్టగానే పుట్టింటి పేరు తీసేసి కొత్త పేరు పెడతారు. పళ్లెంలో బియ్యం పరిచి, పెళ్లికొడుకు చేత ఉంగరంతో ఆ పేరు రాయిస్తారు. వియ్యపురాలు రుక్మాబాయి వాలెంటీనా అన్న పేరు విన్న రోజే ముక్కు మీద వేలేసుకుంది. "అగబాయి! ఇదేం పేరు? నాలుగు రోజుల్ల పోతదిలే" అని నవ్వింది. అన్నట్టే బియ్యంలో "మమత" అని రాయించారు. చుట్టాలంతా అక్షింతలు వేశారు. లక్ష్మీరాజం కూడా వేశాడు. ఏం చేస్తాడు మరి? ఆడపిల్ల తండ్రి పేరు కోసం పందిట్లో పేచీ పెడితే బాగుంటుందా?

ఆ తర్వాత ఆదిలాబాద్ పోయినప్పుడల్లా "అమ్మా మమతా" అనే పిలిచాడు. వాళ్లింట్లో వాళ్ల పేరు, మర్యాద. బిడ్డ పలికేది, మంచినీళ్లు తెచ్చిచ్చేది. పైకి అంతా బాగానే ఉండేది. కానీ బస్సెక్కాక ఆయన కిటికీ వైపు తిరిగి తను పెట్టిన పేరును ఒకసారి నోట్లోనే అనుకునేవాడని బాలవ్వకు తెలుసు.

పోయిన వానాకాలం బిడ్డకు డెంగీ జ్వరం వచ్చింది. ప్లేట్‌లెట్లు పడిపోయాయి, ఇక్కడ కాదు, నాగపూర్ తీసుకుపొమ్మన్నారు. అంబులెన్సులోంచి ఫోన్ చేసింది. "బాపూ, ఫికర్ చెయ్యకు. నాగపూర్ పోయొస్త." పోయొస్త అనే అంది. బొగ్గుబాయి బిడ్డ కదా, ఆ అలవాటు పోలేదు. సగం దారిలోనే ప్రాణం పోయింది.

లక్ష్మీరాజం ఆదిలాబాద్ చేరేసరికి గల్లీ మొదట్లో ఫ్లెక్సీ కట్టి ఉంది. కన్నీటి శ్రద్ధాంజలి, మమత. ఫొటో తన బిడ్డదే. పేరు తన బిడ్డది కాదు. "మమత వాళ్ల నాన్న మీరేనా?" అని ఎవరో అడిగారు. అవునని తలూపాడు. తను పెట్టిన పేరు ఆ ఫ్లెక్సీ మీద లేదు, పంతులు చదివిన మంత్రంలో లేదు, ఏడ్చేవాళ్ల నోళ్లలో లేదు. ఒక్క బాలవ్వ మాత్రం శవం మీద పడి "వాలెంటీనవ్వా" అని గుండెలు బాదుకుంటుంటే ఈమె ఎవరి కోసం ఏడుస్తోందా అని పక్కవాళ్లు మొహాలు చూసుకున్నారు.

ఆ బిడ్డ కడుపున పుట్టిందే ప్రణతి. రెండో తరగతి. వేసవి సెలవులకు నస్పూర్ పంపించారు. పిల్ల వచ్చింది కానీ నోట్లో ముద్ద దిగదు. రెండు బుక్కలు తిని పళ్లెం నెట్టేస్తుంది. చూడలేక, వెనక లైను నాగయ్య తన కుక్క ఈనిన పిల్లల్లో ఒకదాన్ని తెచ్చి ఒళ్లో పెట్టాడు. గోధుమరంగు ఆడ కుక్కపిల్ల, చెవులు వేలాడేసుకుని. దాన్ని చూడగానే ప్రణతి మొహంలో ఇన్నాళ్లకు కాస్త కళ వచ్చింది.

సరిగ్గా ఆ పూటే శ్యాంసుందర్ ఫోన్ చేశాడు. ఆదివారం వచ్చి పాపను తీసుకుపోతానన్నాడు. అంతటితో ఆగలేదు.

"మామా, ఏమనుకోకు. వచ్చే నెల మళ్ల పెళ్లి. పాపకు కొత్త అమ్మ వస్తుంది. నువ్వు జర పాత ముచ్చట్లు ఎత్తకు. అమ్మ గురించి ఏదన్న విని పరేషాన్ అయితే మళ్ల పంపుడు కష్టం. మా అమ్మ అసలే వద్దంటుంది."

"ఎత్తను బిడ్డా. నా మీద ఒట్టు" అన్నాడు లక్ష్మీరాజం. అల్లుణ్ణి తప్పు పట్టేదేముంది, ఆయన బతుకు ఆయనది. కానీ మళ్లీ పంపరన్న మాటకు ముసలాయన బెదిరిపోయాడు. బిడ్డ తాలూకు మిగిలింది ఈ ఒక్క పిల్లే. అదీ కనబడకపోతే ఈ ఇంటికి గోడలే దిక్కు. అందుకని బాలవ్వకు కూడా గట్టిగా చెప్పాడు, నోరు జారొద్దని. బాలవ్వ కొంగు నోట్లో కుక్కుకుని తలూపింది.

శనివారం సాయంత్రం ప్రణతి కుక్కపిల్లను ఒళ్లో వేసుకుని అరుగు మీద కూర్చుంది.

"తాతా, దీనికి రష్యా పేరే పెట్టాలె."

లక్ష్మీరాజం ఉలిక్కిపడ్డాడు. "రష్యా పేరేందే? ఎవ్వలు చెప్పిండ్రు?"

"అమ్మ చెప్పింది. మా బాపుకు పేరు పెట్టమని ఇస్తె రష్యా పేరే పెడుతడు అని. లైకా అని పెడ్దాం తాతా. మా టీచర్ చెప్పింది, లైకా రాకెట్‌ల పోయిందట."

"లైకా వద్దు బిడ్డా."

"ఎందుకు?"

"అది పోయింది గని తిరిగి రాలే."

అన్నాక నాలుక కరుచుకున్నాడు. నాగపూర్ గురించి ఈ పిల్లకు అందరూ చెప్పింది ఆ మాటే కదా. అమ్మ పోయింది, తిరిగి రాలే. పిల్ల తల దించుకుని కుక్కపిల్ల చెవి నిమురుతూ ఉండిపోయింది. ముసలాయన మాట మార్చాలని గబగబా అందుకున్నాడు.

"గా తర్వాత ఇంకో రెండు కుక్కలు పోయినయే! బెల్కా, స్ట్రెల్కా. పోయినయి, భూమి సుట్టూ తిరిగినయి, మంచిగ తిరిగొచ్చినయి. దాంట్ల ఒకదానికి పిల్లలు గూడ పుట్టినయి. బెల్కా అని పెట్టుకుందాం. ఏమంటవ్?"

"బెల్కా అయితే తిరిగొస్తదా?"

"ఎందుకు రాదు? వస్తది."

పిల్ల ఊరికే నమ్మలేదు. కుక్కపిల్లను తీసుకుపోయి గేటు అవతల విడిచి, వాకిట్లోకి ఉరికొచ్చి నిలబడి పిలిచింది. "బెల్కా! దా!" ఆ కుక్కపిల్లకు పేరు తెలిసిందా పాడా, పిల్ల గొంతు విని గేటు సందులోంచి దూరి తప్పటడుగులు వేసుకుంటూ వచ్చేసింది. మళ్లీ వదిలింది, మళ్లీ పిలిచింది, మళ్లీ వచ్చింది. ప్రణతి కిలకిలా నవ్వింది. వచ్చిన నాటి నుంచి అదే మొదటి నవ్వు. లక్ష్మీరాజం కళ్లు తుడుచుకున్నాడు. హమ్మయ్య, గండం గడిచింది అనుకున్నాడు.

నవ్వుతూనే తాత దగ్గరికొచ్చి మోకాళ్లు పట్టుకుంది ప్రణతి.

"మరి అమ్మకు గూడ గసొంటి పేరు పెట్టకపోతివి తాతా? మమత అని ఎందుకు పెట్టినవ్?"

ఆ పిల్ల దెప్పి అనలేదు. తెలియక అడిగింది. లక్ష్మీరాజానికి ఒట్టు గుర్తుంది. రేపటి ఆదివారం గుర్తుంది. మళ్లీ పంపరన్న మాట చెవుల్లోనే ఉంది. ఏదో ఒకటి చెప్పి తప్పించుకుందామనుకున్నాడు. కానీ బిడ్డకు తిరిగొచ్చే పేరు పెట్టలేదన్న మాట పడి ఊరుకోవడం ఆయన వల్ల కాలేదు.

"పెట్టిన బిడ్డా" అన్నాడు. "తిరిగొచ్చినామె పేరే పెట్టిన. మమత నేను పెట్టింది గాదు. పెండ్లినాడు పెట్టిండ్రు."

"నువ్వు పెట్టింది ఏంది?"

"వాలెంటీనా."

ఎన్నాళ్లయిందో ఆ పేరు పైకి అని. ప్రణతి దాన్ని నోట్లోనే ముక్కలు ముక్కలుగా అనుకుంది. కుదిరాక తలెత్తింది.

"అమ్మ నాగపూర్ పోయినప్పుడు గా పేరుతోటి ఎవ్వలన్న పిలిచిండ్రా?"

"లేదు బిడ్డా."

"నువ్వు?"

"నేను గూడ మమత అనే అన్న. ఫోన్ల."

పిల్ల ఏడవలేదు, కోపగించుకోలేదు. పెద్దవాళ్లు చేసిన పొరపాటు దిద్దే పనేదో తనకు దొరికినట్టు గిర్రున తిరిగి గేటు దగ్గరికి పోయింది. వద్దు బిడ్డా అనబోయాడు లక్ష్మీరాజం. ఆలోపే పిల్ల గేటు పట్టుకుని, రోడ్డు వైపు మొహం పెట్టి, గొంతెత్తి పిలిచింది.

"వాలెంటీనా! దా!"

కుక్కపిల్ల తననే అనుకుని పరుగెత్తుకుంటూ పోయి పిల్ల కాళ్లకు చుట్టుకుంది. ప్రణతి దాన్ని మెల్లగా పక్కకు నెట్టింది. "నువ్వు గాదు. నువ్వు బెల్కావి" అని చెప్పి, ఇంకా గట్టిగా, ఇంకోసారి పిలిచింది.

వంటింట్లో బాలవ్వ అన్నం వారుస్తోంది. ఏ ధ్యాసలో ఉందో ఏమో, ఆ పేరు చెవిన పడగానే చేతిలో గంటె అట్లాగే పట్టుకుని గడప దాటి వచ్చేసింది. ఒట్టు లేదు, ఆదివారం లేదు, ఆమెకు ఏదీ గుర్తులేదు. పాత అలవాటున వాకిట్లోంచి నాలుగు లైన్ల అవతలకు వినిపించేలా కేక పెట్టింది.

"వాలెంటీనవ్వా! దా బిడ్డా, అన్నం సల్లారుతుంది!"

కేక పెట్టాక తెలివొచ్చింది. గంటె జారి కింద పడింది, అక్కడే గడప మీద కూలబడింది. లక్ష్మీరాజం లేచి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. ఊరుకో అనలేదు, తనే వెక్కి వెక్కి ఏడ్చాడు. ప్రణతి మాత్రం వెనక్కి తిరిగి చూడలేదు. గేటు పట్టుకుని రోడ్డు వైపే చూస్తూ, "అమ్మమ్మా, ఇంకోసారి గట్టిగ పిలువు" అంది.