పాట కాదు, మాట వినిపించే స్పీకర్లు

ఆ రోజుల్ల ఇంట్ల కంప్యూటర్ ఉన్నదంటే కొత్త అల్లుడు దిగినట్టే మర్యాదలు. దాని మీద దులిపిన గుడ్డ కప్పుడు, చెప్పులిడిచి దగ్గరికి పోవుడు, పిల్లలు ముట్టుకుంటే అదిలించుడు. మాది నిజామాబాద్‌ల బీడీలు చేసే ఇల్లు. ముందరర్రల అమ్మ, పెద్దమ్మ, వాడకట్టు ఆడోళ్లిద్దరు చేటలు ఒళ్లె పెట్టుకొని కూసుంటే, మిగిలిన మూల నా కంప్యూటర్‌ది. డిగ్రీ అయినంక ట్యూషన్లు చెప్పుకుంట కొనుక్కున్న. హైదరాబాద్‌ల ఫోన్లల్ల మాట్లాడే కొలువుకు ఇంటర్వ్యూ దగ్గరపడుతున్నదని, ఇంగ్లీషు మాట్లాడుడు నేర్పే సీడీ కూడ తెచ్చుకున్న. స్పీకర్లే లేవు. తెర మీద ఒక తెల్ల దొరసాని నోరు తెరుస్తది, మూస్తది. నేను గూడ అట్లనే తెరిచి మూస్తున్న. (సూసినోళ్లు నాకు పండ్ల నొప్పి అనుకున్నరు.)

స్పీకర్లు కొననీకె పోతున్న అని తెలువంగనే బోధన్ నుంచి మా అక్క మొగుడు పిలువకుండనే వచ్చిండు. పెండ్లిళ్లకు మైకుసెట్లు పెడుతడు కాబట్టి మా ఇంట్ల ఆయన పేరు సౌండ్ బావ. దుకాణంల అడుగు పెట్టంగనే దుకాణపాయన నన్ను దాటి బావ దిక్కే సూసిండు. "సార్, గీ వూఫర్ వినుండ్రి" అని పాట పెడితే అద్దాల అల్మార గజగజ వణికింది. బావ కండ్లు మూసుకొని తల ఊపిండు.

"సౌండంటే గిట్లుండాలె! గుండెకు తాకాలె."

"నాకు చెవికి తాకితే సాలు బావా. రోజూ వాడేది, ఇంట్ల నలుగురు పని చేసుకుంటరు. మెల్లగ పెట్టినా మాట తెలువాలె."

"నువ్వు కూసోమ్మా, సార్ సూస్తడు" అన్నడు దుకాణపాయన.

నాకు అరికాలు నుంచి నెత్తి దాకా మండింది. "కంప్యూటర్ నాది, చెవులు నావి. సార్ సూసుడేంది?" అని సంచిల నుంచి సీడీ తీసిన. "పాట బంద్ చెయ్యన్నా. గిది పెట్టు. సౌండ్ బాగ తగ్గియ్యి."

ఆ పెద్ద డబ్బాల దొరసాని బాయిల పడి మొత్తుకుంటున్నట్టు వినొచ్చింది. ఇంకోటి పెట్టమన్న. అండ్ల ఆమెకు పడిశం పట్టింది. ఇంకోటి పెట్టమన్న. దుకాణపాయన చెమట తుడుసుకున్నడు, బావ చాయకని బయటికి పోయిండు, నా ఎనుక గిరాకీలు గొణుగుతున్నరు. నేను చేతులు కట్టుకొని కదలలేదు. ఆఖరికి ఆయన లోపటి నుంచి అరచేయంత స్పీకర్ల జత తెచ్చి దుమ్ము ఊదిండు. మాటకు మాట చెరిగిన బియ్యం లెక్క విడివిడిగ వినపడ్డది.

"గివి స్పీకర్లా? చెవి కమ్మలు!" అన్నడు వాపసొచ్చిన బావ.

"కమ్మలే కానియ్యి. కట్టియ్యన్నా" అన్న నేను. బావ బస్టాండు దాకా నాకన్న పది అడుగులు ముందలనే నడిసిండు.

అప్పటి నుంచి పొద్దుగాల దొరసాని మెల్లగ చెప్తుంటే నేను మళ్లి మళ్లి అనుకుంట కూసునేది. ముందరర్రల చేతులు ఆగేవి కావు, ఎవ్వలు తలెత్తి సూసేది లేదు. వాళ్లకు పట్టలేదనే అనుకున్న. గంతల ఒక ఆదివారం బావ, నన్ను ఒప్పియ్యకుంటే నిద్ర పట్టదేమో, తన మైకుసెట్టు పెద్ద డబ్బాను భుజాన మోసుకొని గడపల నిలబడ్డడు. పెద్దమ్మ ఆకు చుట్టుడు ఆపకుండనే, "గుడ్ మార్నింగ్. హౌ ఆర్ యూ?" అన్నది. అమ్మ, "ప్లీజ్ సిట్ డౌన్" అన్నది. బావ భుజం మీది డబ్బా దించుడే మర్సిపోయిండు.

"ఏందత్తా గిది?"

"డబ్బా బయట పెట్టు బిడ్డా" అన్నది పెద్దమ్మ. "పాఠం నడుస్తున్నది."

ఇంటర్వ్యూల నన్ను తీసుకోలేదు. (పెద్దమ్మ తను పోతే కొలువు వచ్చేదని ఇప్పటికీ అంటది.) ఇప్పుడు ఏం కొన్నా, దుకాణంల ఏది చేతికిస్తే అది తెచ్చుకుంటున్న. వాదించే ఓపిక యాడిది? రెండు చిన్న డబ్బాల కోసం దుకాణమంత నిలబెట్టిన ఆ మొండి పిల్ల యాదికొస్తే నవ్వొస్తది. ఎదురుపడిందంటే మాత్రం, నేనే పక్కకు జరిగి తొవ్వ ఇస్త.